మడమలో తెల్ల గీతలు

మా అత్తగారు అబద్ధం ఆడదని ఊరంతా చెప్పుకునేవారు. ఎందుకు చెప్పుకోరు? జ్ఞానమ్మగారంటే మా లూథరన్ సంఘానికి బైబిలు స్త్రీ. నల్ల గొడుగు, చంకన సంచి, సంచిలో బైబిలు పెట్టుకుని గడప గడపకీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పేది. జబ్బు మనిషి పక్కన మోకరించి ప్రార్థన చేసేది. ఎవరైనా చాటుగా తాయెత్తు కట్టుకుంటే దాన్ని తెంపించి కాలవలో పారేయించేది. అంతటి మనిషి ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడింది. దానికి మా ఆయన కాలు పోయినంత పనైంది. ఎనభై ఏడులో మాట ఇది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఆయన రాజరత్నంగారు మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఈల వేస్తే కాలవ అవతలి గట్టున మేసే గేదెలు కూడా తలెత్తి చూసేవి. గ్రౌండులో చెప్పులేసుకుంటే నవ్వుతారని ఎండైనా వానైనా ఉత్తకాళ్ళతోనే తిరిగేవారు. ఆ బంకమట్టిలో తిరిగీ తిరిగీ మడమలు రెండూ నెర్రెలిచ్చిన చేనులా అయిపోయాయి. కాస్త కొబ్బరినూనె రాసుకోండి మహాప్రభో అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది తప్ప ఆయన రాసుకున్నది లేదు.

నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో టైపిస్టుని. సోమవారం మొదటి బస్సెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రమే ఇంటికి. వారమంతా లేడీస్ హాస్టల్లో పడుండేదాన్ని. మాకింకా పిల్లల్లేరు. ఇంట్లో తల్లీ కొడుకులిద్దరే. వాళ్ళేం తిన్నారో శనివారం వస్తే తెలిసేది. ఏం దాచుకున్నారో శనివారం వచ్చినా తెలిసేది కాదు.

స్కూలు ఆటల పోటీలు అయ్యాక కుడి మడమ నొప్పి మొదలైంది. బెణికిందిలే అన్నారు. తర్వాత పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే ప్రాణం పోయినట్టుంటోందని ఒకసారి నోరు జారారు. నేను ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచి, ఎక్స్‌రేకి రాకపోతే మళ్ళీ శనివారం ఈ గడప తొక్కనని బెదిరిస్తే గానీ ఒప్పుకోలేదు. ఆ వారంలోనే తల్లీ కొడుకులు రాజమండ్రి వచ్చారు. నేను ఆఫీసులో పర్మిషన్ అడిగి సరాసరి నర్సింగ్ హోంకి వెళ్ళాను.

ఎముకల డాక్టరు నాగేశ్వరప్రసాద్ గారి హస్తవాసి మంచిదని పేరు. నోరు మంచిది కాదని అంతకంటే పెద్ద పేరు. ఆకు పసరు కట్టుకుని ఎవరైనా వచ్చారంటే వరండాలోనే నిలబెట్టి కడిగేసేవారు. మేం వెళ్ళేసరికి మోచేతికి నాటు కట్టు కట్టించుకొచ్చిన ఒక రైతుని అందరి ముందూ తిట్టిపోస్తున్నారు. మా అత్తగారు బెంచీ మీద ముడుచుకుని కూర్చుని వింటోంది.

మా వంతు వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట అదే.

"నాటు మందులేమైనా వాడారాండి? ఆకులు, పసర్లు, పట్టులు?"

"మా ఇంటా వంటా లేదండి అలాంటివి. మేం ప్రార్థన చేసుకుంటామండి," అంది మా అత్తగారు.

మా ఆయన సీలింగు ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను తిరగడం లేదు. అయినా నాకేం తోచలేదు. జ్ఞానమ్మగారి మాటని అనుమానించడమేమిటి?

ఎక్స్‌రే తీశారు. మర్నాడు సాయంత్రం డాక్టరుగారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. గోడకి బిగించిన లైటు పెట్టె మీద ఫిల్ము తగిలించి ఉంది. ఆయన తిట్టలేదు, కసురుకోలేదు. "కూర్చోమ్మా," అన్నారు. ఆ మెత్తదనమే నన్ను భయపెట్టింది.

"ఇది మడమ ఎముక. మధ్యలో ఈ నల్లటి గుంట చూశారా? ఎముక ఉండాల్సిన చోట ఎముక లేదు. గుంట నడుమ ఒక తెల్ల చుక్క ఉంది. సరే, వీటితోనే అయితే నేనింత కంగారు పడను. ఇదిగో, ఇవి చూడండి."

ఎముక అంచుల మీదా, అంచు దాటి బయటా సన్నటి తెల్ల గీతలున్నాయి. సూర్యుడి బొమ్మ చుట్టూ పిల్లలు గీసే గీతల్లా ఉన్నాయి.

"ఎముక తెల్లగా పడేది అందులో ఉన్న సున్నం వల్ల. సున్నం ఎక్కడుంటే అక్కడ ఫిల్ము మీద తెలుపొస్తుంది. ఎముకలో ఉండాల్సిన సున్నం కండలోకి ఇలా పొడుచుకొచ్చిందంటే లోపలి గడ్డ గోడ బద్దలుకొట్టుకుని బయటపడిందన్నమాట. కేన్సరమ్మా."

"ముక్క తీసి పరీక్షకి పంపిస్తారట కదండీ," అన్నాను.

"గుంట ఒక్కటే ఉంటే పంపేవాణ్ణి. ఈ గీతలుండగా ఆగితే ఊపిరితిత్తులకి పాకుతుంది. అప్పుడు కాలు సంగతి కాదు, మనిషే దక్కడు. ఇంకో ఇద్దరు డాక్టర్లకి కూడా చూపించాను. అందరిదీ ఒకటే మాట. మోకాలి కింద తీసేయాలి."

ఆ మాట మా ఆయనకి నేనే చెప్పాను. వరండాలో, నిలబడే చెప్పాను. కూర్చుంటే ఏడుస్తానని భయం.

"అయితే డ్రిల్లు మాస్టారికి ఈల ఒక్కటీ మిగులుతుందన్నమాట," అని నవ్వబోయారు.

"నోరు మూసుకోండి," అని అరిచాను. వరండా అంతా మాకేసి తిరిగింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరబడిపోయింది.

ఆస్పత్రిలో చేర్చాం. మడమ కదలకుండా బ్యాండేజీ చుట్టారు. నేను సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉన్నాను. ఒకరోజు హెడ్మాస్టరుగారు వచ్చి, ఉద్యోగానికేం భయం లేదనీ, ఆఫీసులో కూర్చునే పని చూస్తామనీ చెప్పి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"కుర్చీ ఇస్తారట దేవీ నాకు," అన్నారు. "పిల్లలు గ్రౌండులో ఆడుకుంటుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలట."

పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడ్డం అదే మొదలు. వీపు నిమురుతూ కూర్చున్నాను. లోపల మాత్రం దేవుణ్ణి నోటికొచ్చినట్టల్లా తిట్టాను. మా అత్తగారు వింటే నన్ను అక్కడికక్కడే సంఘం నుంచి తీసేయించును. ఆవిడేమో అన్నం మానేసి, మంచం పక్క నేల మీద బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఉపవాస ప్రార్థనలో కూర్చుంది. ఆవిడ అంత కుంగిపోవడం చూసి నాకు జాలేసింది కూడా. జాలి పడినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్న హాస్టలుకి వెళ్ళి నాలుగు చెంబులు పోసుకుని, పరుగులాంటి నడకతో తిరిగొచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. అత్తగారు కాఫీకి వెళ్ళినట్టుంది. దుప్పటి సర్దుదామని కాళ్ళ వైపు వెళ్ళాను. చీమలు. మంచం కోడు మీంచి బారు కట్టి, దుప్పటి కిందకి పోతున్నాయి.

ఆస్పత్రి మంచానికి చీమలేంటని దుప్పటి ఎత్తాను. బారంతా కుడికాలి బ్యాండేజీలోకి వెళుతోంది.

"ఏవండీ, ఏంటిది?"

ఆయన కళ్ళు తెరిచారు. కాలు వెనక్కి లాక్కోబోయారు. నేను ఊరుకుంటానా? బ్యాండేజీ చుట్లు విప్పేశాను. లోపల మడమంతా బూడిదరంగు పెచ్చు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన తెలిసింది. బెల్లం. సున్నం, బెల్లం కలిపి వేసిన పట్టు.

"ఎవరు వేశారు?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. మా అత్తగారు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది.

"నేనేనమ్మా. గట్టిగా అరవకు."

"ఎప్పటి నుంచి?"

"నొప్పి మొదలైన దగ్గర్నుంచీ. లాకుల దగ్గర అబ్బులు లేడూ, వాడు మంత్రించి ఇస్తాడు. వేసినన్నాళ్ళూ ఎవరికీ చెప్పకూడదన్నాడు. చెబితే గుణం పోతుందన్నాడు. నువ్వొచ్చే రోజుకి కడిగేసేదాన్ని."

మంత్రం! తాయెత్తులు తెంపించే జ్ఞానమ్మగారు మంత్రించిన పట్టు వేసింది! పోయినేడు వీరమ్మ అనే ఆవిడ పిల్లాడికి జ్వరమొస్తే మంత్రం వేయించిందని సంఘం పెద్దల దాకా తీసుకెళ్ళి, ఆర్నెల్లు ఆమెని ప్రభు బల్ల దగ్గరికి రానివ్వకుండా చేసింది ఈవిడే. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచి వెళుతుంటే ఆ వీరమ్మ వెనక తలుపు దగ్గర తలొంచుకుని కూర్చునేది. ఆ సంగతి గుర్తొచ్చి ఏదో అనబోయాను. అంతలో నా తలలో ఇంకో మాట తగిలింది.

సున్నం ఎక్కడుంటే అక్కడ తెలుపొస్తుంది.

"ఎక్స్‌రే తీయించడానికి వచ్చిన రోజు పొద్దున్న ఉందా ఈ పట్టు?"

"కడిగేశానమ్మా. సబ్బెట్టి రుద్ది కడిగాను."

నేను వంగి ఆయన మడమ పట్టుకుని పెచ్చు గీకాను. పైది రాలింది. పగుళ్ళలోది రాలలేదు. ఒక్కో పగులూ లోపలంటా తెల్లగా, గోడ బీటలకి సున్నం మెత్తినట్టు నిండిపోయి ఉంది. పగుళ్ళన్నీ మడమ చుట్టూ బయటికి తిరిగి ఉన్నాయి. లైటు పెట్టె మీద నేను చూసిన గీతలే అవి.

"ఇదే," అన్నాను. "డాక్టరుగారు చూసింది ఇదే. కేన్సరు బయటికొచ్చిందన్నారే, ఇదే అది! నేను చెప్పొస్తానుండండి."

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"దేవీ, వద్దు. పాస్టరు అయ్యగారు, సంఘం పెద్దలు ప్రార్థనకి వస్తున్నారు. వాళ్ళ చెవిన పడితే అమ్మ బతుకేం కాను? ఊళ్ళో తలెత్తుకు తిరగగలదా? లోపల గుంట ఉంది కదా, అది సున్నం కాదుగా. ఎలాగూ పోయే కాలే. దాంతోపాటు అమ్మ పరువు కూడా పోవాలా?"

"ఎలాగూ పోయే కాలని మీకెవరు చెప్పారు? ఈ గీతలు చూసే కదా కాలు తీసేస్తానంది ఆయన!"

"అమ్మ సంగతి చెప్పొద్దంటే చెప్పొద్దు."

"ఆవిడ మీ అమ్మ. నాకు మొగుడు మీరు. వదలండి చెయ్యి!"

విదిలించుకుని గుమ్మం దాకా వెళ్ళానో లేదో, పాస్టరు ఏసురాజు అయ్యగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చేశారు. వెనకే నీళ్ళ పళ్ళెంతో సిస్టరు. ఆ వెనక తలకి పచ్చ టోపీ పెట్టుకుని డాక్టరుగారు.

"ప్రార్థనకని పిలిచారు కదా, వచ్చానండి. త్వరగా కానివ్వండి, థియేటర్ రెడీ," అన్నారు డాక్టరుగారు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అత్తగారు మంచం కోడు పట్టుకుని మోకరించింది. నేను కళ్ళు మూసుకోలేదు. డాక్టరుగారికేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన చేతులు కట్టుకుని నేలకేసి చూస్తున్నారు. మా సంఘంలో ప్రార్థన నడుస్తుండగా పసిబిడ్డ ఏడ్చినా బయటికి తీసుకుపోతారు. ఏసురాజు అయ్యగారి ప్రార్థన ఆదాము దగ్గర మొదలై నింపాదిగా నడుస్తోంది. సిస్టరు మాత్రం ఆగకుండా, చప్పుడు చేయకుండా తడిబట్టతో మా ఆయన కాలు తుడవడం మొదలుపెట్టింది. ఇంకో నిమిషంలో స్ట్రెచర్ వస్తుంది. ఏదైతే అదవుతుందని నోరు తెరిచాను.

"ఆపండి అయ్యగారూ."

ఆ గొంతు నాది కాదు. మా అత్తగారు లేచి నిలబడింది.

"నేను అబద్ధం ఆడానండి డాక్టరుగారూ. మందులేమీ వాడలేదని చెప్పాను కదండీ. వాడానండి. సున్నం, బెల్లం పట్టు వేశాను. మీరు ఫోటో తీసిన రోజు దాకా వేశాను. రాత్రి మా కోడలు నిద్రపోయాక కూడా వేశాను. సున్నం పగుళ్ళలో ఉండిపోయింది." తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. "అది మంత్రించిన పట్టండి. అబ్బులు దగ్గర మంత్రం వేయించాను. వీరమ్మని వెలివేయించిన నోటితోనే వాణ్ణి బతిమాలాను."

సంఘం పెద్దల్లో ఒకాయన చేతిలోని టోపీ నలుపుతున్నాడు. మా ఆయన మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

డాక్టరుగారు పళ్ళెం పక్కకి తోసి, మా ఆయన మడమ ఎత్తి చూశారు. గోటితో ఒక పగులు గీకారు. వేలికంటుకున్న తెల్లటి పొడి చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన తిట్టిన తిట్లు రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. పెద్దావిడని లేదు, పాస్టరుగారున్నారని లేదు. మా అత్తగారు తల వంచుకుని అన్నీ పడింది. తిట్టీ తిట్టీ ఆయన ఉన్నట్టుండి స్టూలు మీద కూలబడ్డారు.

"ఇంకో అరగంట ఆగి చెప్పుంటే నేనేం చేద్దునమ్మా? కాలు మళ్ళీ అతికించగలనా?" అన్నారు. అంతటి కోపిష్టి మనిషి అలా అడగడం చూసి నాకు ఏడుపొచ్చింది.

బ్రష్షు పెట్టి, వేణ్ణీళ్ళతో, పుల్లలకి దూది చుట్టి, ఒక్కో పగులూ శుభ్రం చేశారు. కొన్ని చోట్ల రక్తం చిమ్మింది. మా ఆయన కాలు కదల్చకుండా పడుకున్నారు. మళ్ళీ ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. ఫిల్ము కడిగి ఆరేదాకా ఆగలేక డాక్టరుగారు నీళ్ళోడుతున్న దాన్నే కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను.

"గీతలు లేవు," అన్నారు.

"దేవా!" అన్నాను.

"ఉండండి, అప్పుడే సంతోషపడకండి. గుంట అక్కడే ఉంది."

అవును, ఉంది. నల్లగా, నడుమ తెల్ల చుక్కతో, కదలకుండా ఉంది.

"ఇది ఇంకా బయటపడని కేన్సరు కావచ్చు. చీము కావచ్చు. నీటి తిత్తి కావచ్చు. ఎముక లోపల కొవ్వుగడ్డలు కూడా ఉంటాయని చదివాను గానీ నేనెప్పుడూ చూడలేదు. ఎక్స్‌రేకి ఇవన్నీ ఒకటే నలుపు. మద్రాసులో స్కాన్ మిషను ఉంది. కాలుని నిలువునా కోయకుండానే ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. గుంటలో ఏముందో దాని గట్టిదనానికి ఒక అంకె ఇస్తుంది. నీళ్ళయితే సున్నా దగ్గర్లో ఉంటుంది. కండలాంటి గడ్డయితే సున్నాకి బాగా పైన. కొవ్వయితే సున్నాకి కింద. పైనొస్తే కాలు మీద ఆశ వదులుకోండి. కిందొస్తే నాకు ఫోన్ చేయండి."

అయ్యగారు వెళుతూ, "తర్వాత మాట్లాడుకుందాం జ్ఞానమ్మగారూ," అని మాత్రం అన్నారు. ఆవిడ మాతో మద్రాసు రాలేదు. నేను రమ్మనీ అనలేదు.

మద్రాసు మెయిల్లో కిటికీ పక్క ఆయన కాలు చాపుకుని కూర్చున్నారు. మడమ మీద బరువు మోపొద్దన్నారు, ఎముక విరుగుతుందని. నెల్లూరు దాటేదాకా నాతో మాట్లాడలేదు.

"అమ్మ చెప్పకపోతే నువ్వు చెప్పేసేదానివా?" అన్నారు చివరికి.

"చెప్పేసేదాన్ని."

"నేను కాదన్నా?"

"కాదన్నా చెప్పేదాన్ని. మీ అమ్మ పరువు కోసం మీరు కాలిచ్చేస్తారు. బాగానే ఉంది. మీరు రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికి రావాలని నాకుండదూ? నాకు మీరు కావాలండీ. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూసే మనిషిని నేను చూడలేను." ఎదురు బెర్తు వాళ్ళు వింటున్నారని తెలిసినా ఆపుకోలేకపోయాను. ఆయన నా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

స్కాన్ గదిలో చలి వణికిస్తోంది. పెద్ద గానుగ రోలు పక్కకి పడుకోబెట్టినట్టుంది ఆ మిషను. దాని నోట్లోకి ఆయన్ని కాళ్ళ వైపు నుంచి పంపించారు. నేను అద్దం ఇవతల గదిలో నిలబడ్డాను. తెర ముందు కూర్చున్న డాక్టరమ్మ నెల్లూరావిడ. నా మొహం చూసి జాలిపడి, పక్కన నిలబడనిచ్చింది.

తెర మీద మడమ అడ్డంగా కోసిన ముల్లంగి చక్రంలా వచ్చింది. తెల్లటి అంచు, నడుమ గుంట. ఆవిడ ఒక చిన్న సున్నా చుట్టిన గుర్తుని మెల్లగా జరుపుతూ గుంటలోకి తెచ్చింది. తెల్ల చుక్కకి తగలకుండా నల్లటి చోట ఆపింది. ఏదో నొక్కింది. తెర మూల అంకె పడింది.

ఎనభై నాలుగు.

డాక్టరుగారి మాట చెవిలో మోగింది. సున్నాకి బాగా పైన. నా కళ్ళు చీకట్లు కమ్మాయి. అద్దం అవతల ఆయన కదలకుండా పడుకుని ఉన్నారు, కదలొద్దన్నారని. మాస్టారు చెబితే పిల్లలు నిలబడ్డట్టు అంత బుద్ధిగా ఉన్నారు. ఆయనకేం చెప్పాలి? ఎలా చెప్పాలి?

"ఏంటమ్మా, పడిపోతావా? కుర్చీ పట్టుకో," అంది డాక్టరమ్మ.

"ఎనభై నాలుగంటే పోయినట్టేగా అండీ కాలు?"

ఆవిడ నన్ను చూసి, తెరకేసి చూసి, వేలు అంకె ముందు ఆనించి చూపించింది. చిన్న అడ్డగీత. అది ఇందాక నా కళ్ళకి ఆనలేదు.

"మైనస్ ఎనభై నాలుగు. సున్నాకి కింద. ఇది కొవ్వమ్మా. ఉత్త కొవ్వు. ఆ తెల్ల చుక్కేమో, లోపలి కొవ్వు కొంత చచ్చిపోయి సున్నం కట్టిన చోటు. ఎముక గోడ ఎక్కడా తెగలేదు. కేన్సరు కాదు."

"కొయ్యక్కర్లేదా?"

"ఎందుకు కోయడం? దాని మానాన దాన్నుండనివ్వండి. నొప్పి మరీ ఎక్కువైతే గీకేసి ఎముక ముక్కలు నింపుతారు, అంతే."

నేను ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాను. సిగ్గూ లేదు, ఏమీ లేదు. ఆయన కుంటుకుంటూ బయటికి వచ్చి, నన్నలా చూసి, అక్కడే గోడకి జారబడిపోయారు. పాపం, ఇంకోలా అనుకున్నారు.

"లేవండి," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మీకు కొవ్వెక్కిందట. అంతకంటే ఏం లేదట."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నేలమీదే కూర్చుని మడమ పట్టుకుని నవ్వుతూ ఏడ్చారు.

ఇంటికి వచ్చేసరికి సంఘం కమిటీ కూర్చోవడం అయిపోయింది. అత్తగారి బైబిలు స్త్రీ పని తీసేశారు. బల్ల దగ్గరికి రాకూడదన్నారు. పెద్దావిడ, తానే ఒప్పుకుంది కాబట్టి మూడు నెలలు చాలని అయ్యగారు అన్నారట. "వీరమ్మకి ఎంత వేశారో నాకూ అంతే వేయండి. తగ్గించొద్దు," అందట ఈవిడ. ఇదంతా నాకు పక్కింటివాళ్ళు చెప్పారు. ఆవిడ మాత్రం, "కొవ్వేనా? నిజంగా కొవ్వేనా?" అని అడిగి, కొడుకు మడమ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడని తిట్టాలని తిట్టు నోటి దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

ప్రభు బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారం వచ్చింది. మా గుళ్ళో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. అత్తగారు తలుపు పక్కన చిట్టచివరి చాప మీద కూర్చుంది. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు. వరస వెంట వరస లేచి బల్ల దగ్గరికి వెళుతున్నారు. మా ఆయన వరస కూడా లేచింది. ఆయన లేచి ముందుకి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా ఆడవాళ్ళ వైపు వచ్చి, తల్లి పక్కన నేల మీద కూర్చున్నారు.

పాట తడబడింది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఇటే చూస్తున్నారు.

"అమ్మ లేని బల్ల నాకొద్దు," అన్నారు ఆయన.

అత్తగారు కొడుకు మొహం కేసి చూసింది. ఆవిడ గొంతు తగ్గించే అనుకుంది గానీ, వీధుల్లో వాక్యం చెప్పిన గొంతు కదా, గుడంతా వినబడింది.

"కూర్చోడానికా రా నేను నోరు విప్పింది? లే. నడు."

ఆయన కదల్లేదు. ఆవిడ భుజం పట్టి నెట్టింది. ఆయన లేచారు. చెప్పులు బయట విప్పినట్టున్నారు, ఉత్తకాళ్ళతో మధ్య దారిలో నడుచుకుంటూ వెళ్ళారు. కొంచెం కుంటు ఉంది. కుడి మడమ ఆనించిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి అడుగేస్తున్నారు. అందరూ అయ్యగారి చేతిలో రొట్టె కేసి చూస్తుంటే అత్తగారు మాత్రం కొడుకు కాళ్ళకేసే చూస్తోంది, రెండింటికేసీ.

"నువ్వెళ్ళవేం?" అంది నన్ను, కళ్ళు అక్కడి నుంచి తిప్పకుండానే.

"నాకు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి అత్తయ్యగారూ," అన్నాను.